నూటికి తొంభై ఆరు

ఆఫీసులో ఆమెను స్కేలమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. యాభై రెండేళ్ల మనిషి. పొట్టి. చకచకా నడుస్తుంది. చేతిలో ముప్పై సెంటీమీటర్ల ఉక్కు స్కేలు లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుందనీ, చోటు చాలక కళ్లజోడు కిందికి జారిపోతుందనీ ఒక జోకు ఆఫీసంతా తిరుగుతుంటుంది. ఆ జోకు మొదట వేసింది ఆమె మొగుడే అన్న సంగతి మాత్రం అక్కడెవరికీ తెలియదు.

భవనాలకు ప్లాన్లు గీసే ఆఫీసు అది. పై అంతస్తులో ఇంజినీర్లు కంప్యూటర్ల మీద గీస్తారు. కింద గదిలో ఈమె వాటిని ప్లాటరు మీద పెద్ద పెద్ద కాగితాలుగా అచ్చు తీస్తుంది. ప్లాటరంటే బల్ల మీద బుద్ధిగా కూర్చునే ప్రింటరు కాదు. రెండు చేతులూ చాపినంత వెడల్పు, కింద చక్రాల కాళ్లు, వెనక కాగితపు చుట్ట, ముందు అచ్చయిన షీటు జారి పడటానికి ఒక గుడ్డ తొట్టి. అది పని చేస్తుంటే గది గోడలు సన్నగా అదురుతాయి. ఆ అదురులో ఏ చిన్న తేడా వచ్చినా స్కేలమ్మ తల తిప్పి చూస్తుంది. వంటింట్లో పాలు పొంగే ముందు లేచే మనిషి ఉంటారే, అలాగ.

ఈ కథ జరిగిన రోజు పొద్దున్నే ఆమెకు ఒళ్లు మండిపోతోంది. టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకు పక్క గదిలో కుట్టు మిషను విప్పుకుని కూర్చున్న మొగుడు తలెత్తాడు. పాత కుట్టు మిషన్లు బాగు చేయడం ఆయన పని. ఇంట్లో కుర్చీలకన్నా మిషన్లే ఎక్కువ.

"గ్లాసు చేసిన తప్పేంటి?" అన్నాడు.

"మేస్త్రిని తీసేస్తారట. ఇవాళ మూడింటికి పెద్దాయన గదిలో తేల్చేస్తారట," అంది.

"ఏ మేస్త్రి? మన మేస్త్రేనా?"

"ఇంకెవరు!"

మన మేస్త్రి అంటే, ఆ ఆఫీసువాళ్లు కట్టే భవనాల దగ్గర పద్దెనిమిదేళ్లుగా పని చేయిస్తున్న మనిషి. చుట్టరికం ఏమీ లేదు. అక్కా అని పిలుస్తాడు, ఆమె తమ్ముడూ అంటుంది. అంతే. ఆమెకు ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి వరండాలో మూడు రోజులు కూర్చున్నది అతనూ, అతని పెళ్లామూ. అందుకే ఆ ఇంట్లో అతను మన మేస్త్రి.

జరిగింది చెప్పింది. ఊరి చివర ఒక హాస్టల్ భవనం కడుతున్నారు. మొదటి అంతస్తులో బాత్రూముల వరుస ఉంది. స్లాబు పోసే ముందే వాటి పైపులు కిందికి దిగడానికి కన్నాలు వదలాలి. మొత్తం ఇరవై రెండు కన్నాలు. వదిలారు, స్లాబు పోశారు, అది గట్టిపడింది. నిన్న పైపులవాళ్లు వచ్చి చూస్తే ఒక్క కన్నమూ ఉండాల్సిన చోట లేదు. ఒకటి గోడ వచ్చే చోట ఉంది, ఒకటి తలుపు వచ్చే చోట ఉంది. మేస్త్రి తల తిరిగి అక్కడే కూలబడ్డాడట. ఇంజినీర్లందరి పైన ఉండే డిజైన్ హెడ్డు మాత్రం కూలబడలేదు. అరగంటలో రిపోర్టు రాసి ఆఫీసు యజమాని పెద్దాయనకు పంపేశాడు. మేస్త్రి నిర్లక్ష్యం, వెంటనే తొలగించాలి అని.

"డ్రాయింగ్ మీద కొలవొద్దని రాసి ఉన్నా కొలిచాడట. అదీ ఆ పెద్దమనిషి రాసింది," అంది స్కేలమ్మ పళ్లు కొరుకుతూ.

మొగుడు మిషను చక్రాన్ని ఒకసారి తిప్పి ఆగాడు. "మరి తేడా ఎక్కడొచ్చింది? మిషన్లోనా, మనిషిలోనా?"

"సెట్టింగుల్లో. కాగితం సైజు సెట్టింగుల్లో."

"అది నీకు ఇప్పుడు తెలిసిందా, ముందే తెలుసా?"

ఆమె సంచి భుజాన వేసుకుని, తలుపు కిటికీలు అదిరేలా వేసి వెళ్లిపోయింది.

ఈ కొలవొద్దు అన్న మాట సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ప్రపంచంలో ఏ డ్రాయింగ్ తీసుకున్నా కింద ఒక మూల చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, డ్రాయింగ్ మీద స్కేలు పెట్టి కొలవరాదు, రాసిన కొలతలే చూసుకోవాలి అని. చాలా మంచి మాట. రాసిన కొలతలు ఉంటే! గోడల పొడుగులు రాస్తారు, స్తంభాల దూరాలు రాస్తారు. పైపు కన్నాల దగ్గరికి వచ్చేసరికి ఇంజినీరుకు ఆకలేస్తుందో, బద్ధకమేస్తుందో, ఒక సున్నా చుట్టి వదిలేస్తాడు. ఆ సున్నా ఎక్కడుందో ఎండలో నిలబడ్డ మేస్త్రి తెలుసుకునేది ఎలా? టేపు తీసి షీటు మీద కొలవాలి. యాభై వంతుల స్కేలు కాబట్టి కొలిచినదాన్ని యాభైతో హెచ్చించి నేల మీద గుర్తు పెట్టాలి. కొలవొద్దని రాసినవాడికీ తెలుసు అక్కడ కొలుస్తారని. తెలిసీ రాసుకుంటాడు, రేపు తేడా వస్తే చేతులు దులుపుకోవడానికి.

స్కేలమ్మకు ఈ గుట్టు పంతొమ్మిదేళ్ల వయసులోనే తెలిసింది. అప్పట్లో కంప్యూటర్లు లేవు. ఆమె ట్రేసరుగా చేరింది. ఇంజినీరు పెన్సిలుతో గీసినదాన్ని పారదర్శకమైన కాగితం కింద పెట్టి, సిరా పెన్నుతో మళ్లీ గీయడం పని. గీత తప్పితే బ్లేడుతో గీరి తీయాలి. ఆ బ్లేడు గాట్లు ఆమె ఎడమ బొటనవేలి మీద ఇప్పటికీ ఉన్నాయి. వానాకాలంలో కాగితం ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది, కాపీ తీసినప్పుడు ఇంకాస్త మారుతుంది. అందుకని ఆమె ప్రతి షీటు కింద మూలలో సరిగ్గా వంద మిల్లీమీటర్ల గీత ఒకటి గీసేది. అచ్చు తీశాక ఆ గీత మీద స్కేలు పెట్టి చూస్తే చాలు, షీటు నమ్మదగిందో కాదో తెలిసిపోతుంది. ప్లాటరు వచ్చాక కూడా ఆ గీత మానలేదు. ప్రతి షీటూ తొట్టిలోంచి తీయడం, గీత మీద స్కేలు పెట్టడం, వంద ఉంటే పక్కన నీలం పెన్సిలుతో టిక్కు పెట్టడం. లేకపోతే షీటు పరపరా చింపడం.

ఆ టిక్కు మేస్త్రి వల్ల వచ్చింది. పద్దెనిమిదేళ్ల కిందట అతను కొత్తగా మేస్త్రి అయినప్పుడు ఒక చంకలో నాలుగు షీట్లు పెట్టుకుని ఆమె గదికి వచ్చాడు. నాలుగూ ఒకే ప్లాను, నాలుగు సైజుల్లో ఉన్నాయి. ఎవరో జెరాక్సు తీసి పంచారు.

"వీటిల్లో దేన్ని నమ్మమంటావక్కా?" అని అడిగాడు. "నాకు చదువు తక్కువ. టేపు ఒక్కటే తెలుసు."

ఆమె ఒక షీటు తీసి, కొలిచి, నీలం పెన్సిలుతో టిక్కు పెట్టి ఇచ్చింది. "ఇది ఉంటేనే కొలువు. లేకపోతే నాకు తిప్పి పంపు," అంది.

ఆ రోజు నుంచి అతను టిక్కు ఉన్న షీటు మీదే టేపు పెట్టాడు. టిక్కు లేని షీట్లు రెండు మూడు సార్లు నిజంగానే తిప్పి పంపాడు. ఈ ఒప్పందం సంగతి వాళ్లిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

డిజైన్ హెడ్డు వచ్చింది నాలుగు నెలల కిందట. ముప్పై ఐదేళ్లుంటాయి. చొక్కా మీద ముడత ఉండదు, మాటలో తడబాటు ఉండదు. వచ్చీ రాగానే ఆఫీసులో పాతవన్నీ మార్చడం మొదలెట్టాడు. పదకొండు రోజుల కిందట ప్లాటరు గదిలోని కంప్యూటరు వంతు వచ్చింది. పాతది తీసేసి కొత్తది పెట్టారు. అందులో ఆమె ఏళ్ల తరబడి చేసి దాచుకున్న కాగితం సైజుల జాబితా మొత్తం పోయింది. ఒక్క మాట చెప్పి ఉంటే రాసిపెట్టుకునేది. చెప్పలేదు.

ఏమిటీ సైజులంటారా? వాళ్లు గీసే షీటు ఏ-వన్. ఎనిమిది వందల నలభై ఒకటి పొడుగు, ఐదు వందల తొంభై నాలుగు వెడల్పు, మిల్లీమీటర్లలో. ప్లాటరు మాత్రం కాగితం అంచుదాకా అచ్చు వేయదు, కొసల్లో కొంచెం కొంచెం ఖాళీ వదులుతుంది. అందుకని జాబితాలో ఉన్న మామూలు ఏ-వన్ ఎంచుకుంటే డ్రాయింగ్ చుట్టూ ఉన్న చట్రం అంచులు తెగిపోతాయి. స్కేలమ్మ దానికి విరుగుడుగా కాస్త పెద్ద సైజు ఒకటి సొంతంగా తయారు చేసుకుంది. చుట్ట వెడల్పు ఆరు వందల పది కాబట్టి చోటు సరిపోతుంది. అచ్చు తీశాక మిగిలిన అంచు కత్తిరించేస్తుంది. అది పోయేసరికి మొదటి షీటుకే చట్రం తెగింది. హెడ్డు వచ్చి చూసి, ఫిట్ టు పేపర్ అన్న చోట ఒక్క నొక్కు నొక్కాడు. చట్రం మొత్తం ముచ్చటగా కాగితంలో ఇమిడింది.

"చూశారా మేడం, ఎంత సింపులో!" అన్నాడు. దాన్ని అన్ని డ్రాయింగులకూ వర్తించేలా సేవ్ చేశాడు కూడా.

ఆమె ఆ షీటు మీద స్కేలు పెట్టింది. వంద ఉండాల్సిన గీత తొంభై ఆరు ఉంది.

"సార్, ఇది కుదించేసింది. నూటికి నాలుగు తగ్గింది," అంది.

"తగ్గితే ఏమైంది? కొలతలు రాసే ఉంటాయిగా. కొలవొద్దని కింద రాసే ఉందిగా."

"సైటులో కొలుస్తారు సార్."

"కొలిస్తే వాళ్ల తప్పు," అని అతను వెనక నిలబడ్డ ఇద్దరు ఇంజినీర్ల వైపు తిరిగి నవ్వాడు. "స్కేళ్లు పట్టుకుని తిరిగే కాలం కాదు మేడం ఇది. కాలంతో పాటు నడవాలి." ఆ ఇద్దరూ నవ్వారు. ఆమె నేర్పితేనే షీటు మడత పెట్టడం నేర్చుకున్నవాళ్లు.

స్కేలమ్మ ముఖం కందగడ్డ అయింది. స్కేలు తీసి సొరుగులో పడేసి సొరుగు మూసింది. సరే, కొలవొద్దన్నావుగా, కొలవను. ఎక్కడో ఒకచోట తేడా బయటపడుతుంది, అప్పుడు ఈ ముడత లేని చొక్కా ఏ మూల దాక్కుంటుందో చూస్తాను, అనుకుంది. ఇకమీదట ఏ షీటుకీ టిక్కు పెట్టకూడదని కూడా అనుకుంది. పదకొండు రోజులు మూతి బిగించుకుని, చెప్పినట్టు అచ్చు తీస్తూ కూర్చుంది.

తేడా బయటపడింది. అది పడ్డది ముడత లేని చొక్కా మీద కాదు.

ఆ రోజు ఆఫీసుకు వచ్చీ రాగానే ఆమె ప్లాటరు గది తలుపు లోపలి నుంచి వేసుకుంది. మూడింటిలోపు ఆధారం కావాలి. హాస్టల్ షీటే మళ్లీ అచ్చు తీసింది. సొరుగులోంచి స్కేలు తీసి గీత మీద పెట్టింది. తొంభై ఆరు. మూడింటికి పెద్దాయన గదిలో, అది చక్రాలు అరిగి కాగితం జారడం వల్లనేమో అని హెడ్డు తప్పకుండా అంటాడు. కాగితం జారితే పొడుగులోనే తేడా రావాలి, అడ్డంలో రాకూడదు. అడ్డంగా ఉన్న చట్రాన్నీ కొలిచింది. అందులోనూ నూటికి నాలుగే తగ్గింది. మిషనుకు ఏ పాపమూ తెలియదు.

కంప్యూటరులో సైజుల జాబితా తెరిచి, పోయిన సైజును మళ్లీ తయారు చేసింది. పొడుగు ఎనిమిది వందల డెబ్బై ఐదు, వెడల్పు ఆరు వందల నాలుగు. ఫిట్ టు పేపర్ తీసేసి, ఒకటికి ఒకటి, అంటే కుదించకుండా గీసినంతే, అని పెట్టింది. మొదటిసారి అచ్చు అడ్డం తిరిగి సగంలో తెగింది. అడ్డం నిలువు సెట్టింగు మార్చింది. రెండోసారి మిషనే మొరాయించింది. చుట్ట సైజు ఇంకా పాతదే అనుకుంటోంది. దాని చిన్న తెర మీద మీటలు నొక్కి చుట్టను మళ్లీ ఎక్కించింది. ప్రతి నొక్కుకీ హెడ్డును ఒక తిట్టు తిట్టింది. అతని చదువును తిట్టింది, చొక్కాను తిట్టింది, ఆ సింపుల్ అన్న మాటను తిట్టింది. మూడోసారి షీటు నిండుగా వచ్చి తొట్టిలో పడింది. గీత సరిగ్గా వంద. గంటంపావు పని. ఈ గంటంపావు పదకొండు రోజుల కిందటే చేసి ఉండొచ్చు. ఆ ఆలోచన రాగానే ఆమె దాన్ని అక్కడే నొక్కేసింది.

తర్వాత సైటు నుంచి పైపులవాళ్లు పంపిన కాగితం చూసింది. ఏ కన్నం ఎంత పక్కకు పోయిందో అందులో రాశారు. చివరి గోడ నుంచి అర మీటరు దూరంలో ఉండాల్సిన కన్నం రెండు సెంటీమీటర్లు తప్పింది. ఎనిమిది మీటర్ల దూరంలో ఉండాల్సింది ముప్పై రెండు తప్పింది. మధ్యవన్నీ దూరాన్నిబట్టి వరుసగా పెరుగుతూ పోయాయి. నిర్లక్ష్యంగా కొలిచేవాడు ఒకటి అటు తప్పుతాడు, ఒకటి ఇటు తప్పుతాడు. ఇంత పద్ధతిగా తప్పాడంటే మేస్త్రి టేపు వెంట్రుకవాసి కూడా తప్పలేదన్నమాట. ఎండలో మోకాళ్ల మీద కూర్చుని ఇరవై రెండు కొలతలు అంత నికరంగా తీశాడు. అబద్ధం చెబుతున్న షీటు మీద!

ఆమెకు కళ్లు చెమర్చాయి. వెంటనే అతని మీదా కోపం వచ్చింది. నేను టిక్కు పెట్టని షీటు మీద వీడు టేపు ఎందుకు పెట్టినట్టు? పద్దెనిమిదేళ్ల ఒప్పందం ఏమైంది? టిక్కు లేదని ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది కదా అనుకుంది. అలా అనుకున్నాక కాస్త ఊపిరి ఆడింది. తప్పును ముగ్గురికి పంచితే తన వంతు తేలికగానే ఉంది మరి.

మూడు కొట్టింది. పెద్దాయన గదిలో ఆయన బల్ల వెనక కూర్చున్నాడు. ఆఫీసు పెట్టిన మనిషి, డెబ్బై దాటిన వయసు. హెడ్డు కుర్చీలో ఉన్నాడు. మేస్త్రి తలుపు పక్కన నిలబడ్డాడు, చంకలో చుట్టిన షీటుతో. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. ఒక్క రాత్రిలో అతని ముఖం పీక్కుపోయింది.

"కొలవొద్దని రాసి ఉంది కదయ్యా. ఎందుకు కొలిచావు?" అని అడిగాడు పెద్దాయన.

"కన్నాలకు కొలతలు రాయలేదండి."

"రాయకపోతే అడగాలి. సొంతంగా కొలిచేస్తావా?"

మేస్త్రి గోడకేసి చూశాడు. "అలవాటండి," అన్నాడు.

స్కేలమ్మ ఆగలేకపోయింది. రెండు షీట్లూ బల్ల మీద పరిచింది. ఇది ఫిట్ టు పేపర్ పెట్టి తీసింది, ఇది ఒకటికి ఒకటి పెట్టి తీసింది, మీరే కొలవండి అని స్కేలు పెద్దాయన చేతికిచ్చింది. ఆయన ఒకప్పుడు డ్రాయింగ్ బల్ల మీద పని చేసినవాడే. కళ్లజోడు సర్దుకుని కొలిచాడు. తొంభై ఆరు. వంద. ఆమె పైపులవాళ్ల కాగితం కూడా ముందు పెట్టి, కన్నాలు ఎలా వరుసగా తప్పాయో చూపించింది. "మేస్త్రి టేపు తప్పలేదు సార్. షీటు తప్పింది. దీన్ని ఇలా సెట్ చేసింది ఈయన. పదకొండు రోజుల కిందట, ఆ రోజే చెప్పాను. నవ్వారు," అంది.

హెడ్డు నిమ్మళంగా కాలు మీద కాలు మార్చుకున్నాడు. "అచ్చు తీయడం మేడం గారి పని సార్. నాకు చెప్పినట్టు గుర్తులేదు. అయినా ఇవి ఇవాళ తీసిన షీట్లు. సైటులో వాడింది ఇలాంటిదేనని నమ్మకం ఏంటి? ఏ జెరాక్సు కాపీయో వాడి ఉంటాడు."

"మేస్త్రి షీటే చూద్దాం. ఇటివ్వు తమ్ముడూ," అని చేయి చాపింది స్కేలమ్మ.

మేస్త్రి ఇవ్వలేదు. చంక ఇంకా బిగించాడు. "ఎందుకక్కా, మట్టి కొట్టుకుపోయింది. అదేం కనపడదు," అన్నాడు.

"మట్టి ఉంటే ఉండనీ, ఇటివ్వమంటుంటే!" అని ఆమె దాన్ని లాక్కుని బల్ల మీద పరిచి, మూల మీద అరచేత్తో తుడిచింది. గీత కనిపించింది. గీత పక్కన నీలం టిక్కు ఉంది.

ఆమె టిక్కే. తోక కాస్త పైకి విసిరి పెట్టే అలవాటు ఆమెది. సొరుగులో స్కేలు పడేసింది, నోరు మూసుకుంది, పెట్టకూడదని కూడా అనుకుంది. చెయ్యి మాత్రం వినలేదు. తొట్టిలోంచి షీటు తీయడం, టిక్కు పెట్టడం, చుట్టడం. వేల సార్లు చేసిన పని. కోపంతో తల ఉడికిపోతుంటే చేతులు వాటి పాటికి అవి చేసుకుపోయాయి. కొలవకుండానే పదకొండు రోజులు ప్రతి షీటుకీ టిక్కు పెట్టింది. తప్పుందని తెలిసిన షీట్లకు, నమ్ము అని సంతకం చేసి మరీ పంపింది.

గదిలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. హెడ్డుకు అదొక పెన్సిలు గీత, పెద్దాయనకు అసలు కనిపించి కూడా ఉండదు. మేస్త్రి ఒక్కడే ఆమె ముఖం చూస్తున్నాడు. చెప్పొద్దు అన్నట్టు తల అటూ ఇటూ ఆడించాడు. అప్పుడు ఆమెకు అర్థమైంది, అలవాటండి అని గోడకేసి ఎందుకు చూశాడో. తనను తీసేస్తామంటున్నా ఈ షీటు ఎందుకు చంకలోంచి తీయలేదో.

"సార్," అంది పెద్దాయనతో. "ఈ టిక్కు నాది. ఇది ఉంటే షీటు కొలిచానని గుర్తు. ఇది చూశాకే మేస్త్రి టేపు పెడతాడు. నేను కొలవకుండా పెట్టాను."

"తేడా ఉందని తెలిసేనా?" అన్నాడు పెద్దాయన.

"తెలిసే సార్. ఈయన మీద కోపంతో ఊరుకున్నాను."

"విన్నారుగా సార్," అన్నాడు హెడ్డు. అతని ముఖంలో వెలుగు చూసి ఆమెకు ఇంకోసారి ఒళ్లు మండింది. ఏం లాభం, ఆ వెలుగుకు నూనె పోసింది తనే.

పెద్దాయన స్కేలును బల్ల మీద మెల్లగా పెట్టాడు. "నువ్వు నవ్వకయ్యా," అన్నాడు హెడ్డుతో. "ఇవాళ్టి నుంచి ప్రతి కన్నానికీ కొలత రాసి, దాని కింద నీ సంతకం పెట్టు. ఆ సెట్టింగు ఇప్పుడే తీసెయ్." తర్వాత మేస్త్రి వైపు తిరిగి, "నువ్వు పనికి పో. స్లాబులో కొత్త కన్నాలు ఎక్కడ కొట్టొచ్చో రేపు వచ్చి చూస్తాను," అన్నాడు. చివరికి స్కేలమ్మకేసి చూశాడు. "నిన్నేమనాలో నాకు తెలియడం లేదమ్మా," అన్నాడు. అది తిట్టయినా బాగుండేది.

ఆమె కిందికి వచ్చి, హాస్టల్ రెండో వైపు బాత్రూముల షీటు అచ్చు తీసింది. సైజు చూసుకుంది, ఒకటికి ఒకటి చూసుకుంది, గీత మీద ఒకటికి రెండుసార్లు స్కేలు పెట్టింది. వంద ఉంది. దానికోసమే మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"టిక్కు సంగతి పైన ఎందుకు చెప్పలేదు?" అంది ఆమె.

"చెబితే నీ ఉద్యోగం పోదా?"

"నీది పోయేది కదరా!"

"నాకు చేతుల్లో పనుంది. ఇంకో చోట దొరుకుతుంది. నీకు ఈ వయసులో ఎవరిస్తారు?"

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. "నా మీద కోపం లేదా నీకు?"

"ఎందుకు లేదు?" అన్నాడు మేస్త్రి. ఆమె ముందు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఇప్పుడు ప్లాటరు చప్పుడుకు మించి వినపడ్డాడు. "రాత్రంతా నిద్ర పోలేదు నేను. ఆ మట్టి షీటు ముందు పెట్టుకుని, ఎక్కడ తప్పు కొలిచానా అని మళ్లీ మళ్లీ కొలుచుకున్నాను. నా కళ్లు పోయాయేమో అనుకున్నాను. తెల్లారాక నీ గీత మీద టేపు పెడితే తొంభై ఆరు వచ్చింది. నువ్వు ఆయన మీద అలిగావు, బాగుంది. అలుగు. ఆయనతో మాట్లాడటం మానెయ్, ఆయన టీలో ఉప్పెయ్. నాకు ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా? తమ్ముడూ, ఈ షీట్ల మీద కొలవకు అని ఒక్క ముక్క. పదకొండు రోజులక్కా! మధ్యలో రెండుసార్లు ఫోన్ చేశావు. మా ఆవిడ ఆరోగ్యం అడిగావు."

ఆమె షీటును అతని వైపు జరిపింది.

"ఇది కొలిచాను. రెండుసార్లు కొలిచాను," అంది.

"సరేలే," అన్నాడు అతను. కోపం తగ్గింది గొంతులో. ముందుకొచ్చి షీటును బల్ల మీదే పరిచి, నడుముకున్న టేపు తీసి, ఆమె చూస్తుండగానే గీత మీద పెట్టాడు. వంగి అంకె చదువుకున్నాడు. తర్వాత షీటు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ గదిలో అతను టేపు తీయడం పద్దెనిమిదేళ్లలో అదే మొదటిసారి.